గిన్నెకు అంటుకున్నది

రాత్రి డ్యూటీ దిగి లిడియా ఇంటికి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. మదనపల్లెలో డిసెంబరు చలి ఎముకలు కొరుకుతోంది. అయినా ఆమె వీధి గుమ్మంలోంచి నేరుగా ఇంట్లోకి అడుగు పెట్టలేదు. రోజూ చేసినట్టే పక్కసందులోంచి పెరట్లోకి పోయి, తొట్టిలోని చన్నీళ్ళతో, కార్బాలిక్ సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్దుకుంది.

క్షయ ఆసుపత్రిలో నర్సు అంటే జ్వరం చూసి, మందు పోసి వచ్చేస్తుందనుకుంటారు బయటివాళ్ళు. అక్కడ మంచం మంచానికీ రోగి ఉమ్మడానికి ఒక మూత గిన్నె ఉంటుంది. తెల్లారేలోగా వాటినన్నిటినీ ఎత్తి, పారబోసి, మందునీళ్ళలో ఉడకబెట్టాలి. ఆ పని చేసేవాళ్ళకు ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లోకి పోవడమన్న ఊహే రోత పుట్టిస్తుంది. లిడియాకు మాత్రం ఆ రోత ఉద్యోగంతో వచ్చింది కాదు. చిన్నప్పుడే, పుంగనూరులో, కన్నతండ్రి చేతిమీదుగా వచ్చింది.

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటుంటే వంటింట్లోంచి వేయించిన వేరుశనగల వాసన వచ్చింది. దాని వెనకే కోకో పొడి వాసన. లిడియా మళ్ళీ తొట్టి దగ్గరికి పోయి మొహం మీద చన్నీళ్ళు చల్లుకుంది. ఇన్నేళ్ళయినా ఆ రెండు వాసనలూ కలిస్తే ఆమెకు అంతే.

వంటింటి గడప మీద అత్తగారు విమలమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కోడలిని చూడగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. పొద్దున్నించీ ఫిర్యాదు చేయడానికి మనిషి దొరక్క పాపం నానా అవస్థ పడుతోంది.

"వచ్చినావా లిడియా? రా, సూడు మీ నాయన సంబరం. కోడి కూయకముందే లేసినాడు. చెనిక్కాయలు ఏంచినాడు, పొట్టు ఇల్లంతా ఎగిరింది. ఇప్పుడు రోట్లో ఏసి రుబ్బతాండాడు. రుబ్బేకొద్దీ నూనె కక్కి జిగటజిగటగా... యాక్! నా నోటితో నేను సెప్పలేను."

"ఎందుకంట అత్తా?"

"హన్నా పుట్టినరోజు గదా. కేకు సేస్తాడంట. మా ఇండ్లల్లో పుట్టినరోజంటే పాయసం కాసుకుంటాము, ప్రార్థన సేసుకుంటాము. ఈ బురద రుబ్బేది నేనెప్పుడూ సూళ్ళేదమ్మా."

లోపల జయరత్నం రోటి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ వయసులోనూ, ఆ చలిలోనూ, కూతురి వంటింట్లో కూడా దొరల బంగళాలో వంట చేసిన నాటి తెల్లకోటు తొడుక్కునే ఉన్నాడు. మెడదాకా ఇత్తడి బొత్తాలు పెట్టుకునే ఉన్నాడు. పక్కన లిడియా కూతురు హన్నా రెండు చేతులూ గడ్డానికి ఆనించుకుని, రోట్లో తిరుగుతున్న ముద్దకేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

"వచ్చినావా తల్లీ? అలిసిపోయినావు, పోయి రోంతసేపు పండుకో. దొరసాని పోతా పోతా ఇచ్చిన కోకో డబ్బా ఈపొద్దు ఇప్పినా. ఈ పీనట్ బట్రు మెత్తగా అయితే సగం పని అయినట్టే."

"తాతా, మొదటి ముక్క నాకే గదా?" అంది హన్నా.

"నీకు కాక ఇంకెవురికి బంగారూ?"

లిడియా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "చేతులు కడుక్కున్నావా నాయనా?"

"రెండు మాట్లు కడిగినా."

"ఇంకోసారి కడుక్కో. సబ్బుతో."

జయరత్నం నొచ్చుకోలేదు. చిన్నగా నవ్వి, లేచి పెరట్లోకి పోయాడు. ఆయన దేనికీ నొచ్చుకోడు. ఎవరేం చెప్పినా చేతులు పక్కకు పెట్టుకుని, తల వంచి వింటాడు. అల్లుడు మాట్లాడినా లేచి నిలబడతాడు. కూతురికి ఆ వినయం చూస్తే కూడా ఒళ్ళు మండుతుంది.

జయరత్నం పుంగనూరులో అమెరికా దొరసాని బంగళాలో వంటమనిషి. పెళ్ళాం చిన్న వయసులోనే పోయింది. లిడియానూ, ఆమె తమ్ముడు దేవరాజులునూ ఆ బంగళా జీతంతోనే పెంచాడు. యుద్ధం ముగిశాక దొరసాని తన దేశానికి ఓడెక్కింది, బంగళాకు తాళం పడింది. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పట్టుకుని జయరత్నం బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లెకు వచ్చి కూతురి గుమ్మం ముందు నిలబడ్డాడు. అల్లుడు కృపానందం బళ్ళో పంతులు, మెత్తని మనిషి. "మామా, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఆ మాట అనాల్సిన కూతురు మాత్రం అనలేదు. క్రిస్మస్ దాటగానే తండ్రిని కుప్పంలో తమ్ముడి దగ్గరికి పంపేయాలని ఆమె ఆ రోజే మనసులో అనుకుంది. దేవరాజులుకు రైల్వేలో ఒంటిగది క్వార్టరు, దాని నిండా పిల్లలు. ముసలాయనకు అక్కడ వరండా తప్ప వేరే చోటుండదు. అది తెలిసే అనుకుంది.

కారణం ఒకరికి చెప్పుకునేది కాదు. చిన్నప్పుడు శనివారం సాయంత్రమైతే చాలు, అక్కాతమ్ముళ్ళిద్దరూ తండ్రి కోసం వీధి చివరిదాకా పరుగెత్తేవాళ్ళు. ఈ తెల్లకోటు జేబులోనే, గుడ్డలో చుట్టి, ఒక చిన్న గుండ్రటి కేకు ఉండేది. నల్లగా ఉండేది. కొరికితే వేరుశనగ వెన్న కమ్మగా, ఉప్పుప్పగా నాలుకకు తగిలేది. పైన నడిమధ్యలో పగిలి ఉండేది. పక్కన ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉండేది. దేవరాజులు దానికి సొట్టబుగ్గ అని పేరు పెట్టాడు. సొట్ట ఉన్న వైపు నాదంటే నాదని ఇద్దరూ జుట్లు పట్టుకుని కొట్టుకునేవాళ్ళు.

ఆ సంబరమంతా బుజ్జమ్మ ఒక్క మాటతో చెడగొట్టింది. బుజ్జమ్మ బళ్ళో లిడియాతో కలిసి చదివేది, దాని తల్లి బంగళాలో ఊడ్చే మనిషి. "మీ నాయన తెచ్చేది దొరలు కొరికి వొదిలేసిన ఎంగిలి. పేట్లల్లో మిగిలింది ఏరుకుంటాంటే మాయమ్మ కండ్లారా సూసింది" అని అందరి ముందూ చెప్పేసింది. పిల్లలు విరగబడి నవ్వారు. లిడియా ఇంటికి పరుగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కింది. సాయంత్రం తండ్రి రాగానే అడిగింది, "నువ్వు తెచ్చేది ఎంగిలా నాయనా?" అని. జయరత్నం ఏదో చెప్పబోయాడు. ఆగాడు. "తినమ్మా, ఏం కాదు" అన్నాడు. ఎంగిలి కాదని మాత్రం అనలేదు.

అంతే, ఆ పిల్లకు అంతా అర్థమైపోయింది. ప్లేట్లలో మిగిలిన ముక్కలన్నీ ఏరి, ఏ డబ్బాలోనో కూరి, గట్టిగా అదిమి, గుండ్రంగా చేసి తెస్తున్నాడన్నమాట. ఎన్ని నోళ్ళు! ఎంత ఉమ్ము! ఆనాటి నుంచి లిడియా కేకు ముట్టలేదు, కేకు చేసేచోటికి పోలేదు. బళ్ళో 'ఎంగిలి లిడియా' అన్న పేరు మాత్రం చదువు అయ్యేదాకా వెంట తిరిగింది. మదనపల్లెలో ఆ పేరు తెలిసినవాళ్ళు లేరు. అత్తకు తెలియదు, మొగుడికి తెలియదు. తండ్రి ఈ ఇంట్లో ఉంటే ఏదో ఒకరోజు తెలిసిపోతుంది. అదీ ఆమె భయం.

లిడియా కాస్త నడుం వాల్చి లేచేసరికి పిండి కలపడం పూర్తి కావచ్చింది. పెద్ద గిన్నెలో గోధుమపిండి, వెన్న, గుడ్లు, రేషన్ చక్కెర, కోకో అన్నీ కలిసి నల్లటి చిక్కటి ముద్దయింది. జయరత్నం అందులోకి వేరుశనగ వెన్న గరిటెతో జారవిడిచి, ఒక్కవైపే మెల్లగా తిప్పుతున్నాడు. నలుపులో గోధుమరంగు చారలు చారలుగా కలుస్తోంది. అది చూసి లిడియా మొహం తిప్పుకుంది.

విమలమ్మ మాత్రం మెడ సాచి తొంగి చూసింది. "అన్నా, ఏమీ అనుకోవద్దు. పండగ ముందర మేము గోడలకు అలికేది ఇట్లే ఉంటాది."

జయరత్నం నవ్వాడు. "దొరసాని మొదటిసారి సేసి సూపించినప్పుడు నాకూ అట్లే అనిపించిందమ్మా. తిని సూడు, తర్వాత మాట్లాడు."

"తినేదా? నేనా?" విమలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నా కడుపు నాతో బాగుండాది, దాంతో నాకు గొడవలొద్దు."

నెయ్యి పూసిన తపేలాలోకి పిండి వంచి, తపేలాను రెండుసార్లు నేలకు తట్టి, జయరత్నం గిన్నె పక్కన పెట్టేశాడు. గిన్నె అడుగునా అంచులకూ ఇంకా బోలెడు పిండి మందంగా అంటుకుని ఉంది.

"అంత పిండి వొదిలేసినావేమి నాయనా?" అంది లిడియా. "చక్కెర ఇప్పుడు యాడ దొరకతాండాది? సరిగ్గా గీకు."

"అది అట్లే ఉండనీ తల్లీ."

"యాల?"

"గిన్నెకు అంటుకున్నది వంటోడిదిలే" అన్నాడు ఆయన. ఎప్పుడో నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అనేశాడు.

లిడియా ముందుగదిలోకి పోయి, హన్నా కొత్త గౌనుకు బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి నీళ్ళకని వంటింట్లోకి వస్తే గిన్నె శుభ్రంగా ఖాళీ అయి ఉంది. నాకేశాడు కాబోలు అనుకుంది. ఆ గిన్నెలో రేపు పప్పు చేయాలంటే మూడుసార్లు ఉడకబెట్టాలి అని కూడా అనుకుంది.

పెరట్లో జయరత్నం పెద్ద దేగిశాలో ఇసుక పోసి, కింద బొగ్గులు రాజేసి, తపేలాను ఇసుకలో దించి, పైన మూతమీద కూడా నిప్పులు పరిచాడు. మధ్యాహ్నమంతా ఆ పొయ్యి దగ్గరే కూర్చుని విసనకర్రతో విసిరీ విసరనట్టు విసురుతున్నాడు. ఆ వాసన పక్కిళ్ళ దాకా పోయింది. పక్కింటి గౌరమ్మ గోడమీదుగా తల పెట్టి, "ఏమి విమలమ్మక్కా, ఈపొద్దు మీ ఇంట్లో ఏదో మాడతాండాది?" అని అడిగింది. "మాడతాండేది కాదు గౌరీ, మా వియ్యంకుడు అమెరికా వంట సేస్తాండాడు" అని విమలమ్మ జవాబు చెప్పింది. ఆ గొంతులో ఎగతాళి ఎంతో, గొప్ప కూడా అంతే ఉంది. లిడియాకు రెండూ చేదుగానే తగిలాయి.

సాయంత్రం కృపానందం బడి నుంచి రాగానే అందరూ ముందుగదిలో చేరారు. కృపానందం ప్రార్థన చేశాడు. హన్నాకు ఆరేళ్ళు నిండాయని, దేవుడు దాన్ని చల్లగా చూడాలని అడిగాడు. జయరత్నం కేకు తెచ్చి బల్లమీద పెట్టాడు. మొదటి ముక్క హన్నా నోట్లో పడింది. అది కళ్ళు మూసుకుని నమిలి, కళ్ళు తెరిచి, "తాతా!" అని మాత్రం అంది. ఇంకేమీ అనలేదు. రెండో ముక్క కోసం చేయి చాపింది.

"మామా, ఏమి రుచి మామా ఇది!" అన్నాడు కృపానందం.

విమలమ్మ గోటితో ఇంత తుంచి, వాసన చూసి, దేవుణ్ణి తలుచుకుని నోట్లో వేసుకుంది. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా ప్లేటు ముందుకు జరిపింది. "ఇంకో ముక్క పెట్టన్నా. చెనిక్కాయలు మన నేలవే గదా, అందుకే బాగుండాది. దొరసాని గొప్పేమీ లేదు దీంట్లో."

"నువ్వూ ఒక్క ముక్క తిను తల్లీ" అని జయరత్నం కూతురి ముందుకు ప్లేటు పట్టుకొచ్చాడు.

"వొద్దు. తలనొప్పిగా ఉండాది."

"రోంత..."

"వొద్దంటి గదా నాయనా!"

ఆయన తల ఊపి వెనక్కి తిరిగాడు. అందరి ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని పెరటివైపు నడిచాడు. గుమ్మం దగ్గరికి పోగానే, అందరికీ వీపు తిప్పి ఉన్నప్పుడు, ఆయన వేళ్ళు వాటంతటవే పై ప్లేటులోకి దిగాయి. హన్నా వదిలేసిన అంచుముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. అల్లుడి ప్లేటులోని పొడి వేలితో అద్దుకుని నాకాడు. ఆ కింది ప్లేటులో విమలమ్మ కొరికి పెట్టిన తునక ఉంటే అదీ నోట్లో పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో అన్నా!" విమలమ్మ కేక పెట్టింది. "అదేం పని? నేను కొరికి పెట్టింది గదా అది!"

జయరత్నం ఉలిక్కిపడి తిరిగాడు. పెదవుల మీద పొడి అంటుకుని ఉంది. ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా లిడియా గొంతులోకి తన్నుకొచ్చింది.

"ఛీ! ఇంకా పోలేదా నీకా బుద్ధి?"

"లిడియా, మెల్లగా" అన్నాడు కృపానందం.

"మెల్లగా యాల? అందరికీ తెలియనీ. ఈయన నన్ను దేంతో పెంచినాడో తెలుసునా మీకు? దొరలు కొరికి వొదిలేసిన కేకుముక్కలు ఏరి, డబ్బాలో కూరి, జేబులో పెట్టుకోని వచ్చి నాకూ తమ్ముడికీ పెట్టినాడు. మేము కండ్లకద్దుకోని తింటిమి. పుంగనూరంతా నన్ను ఎంగిలి లిడియా అనింది. ఈపొద్దు నా ఇంట్లో, నా బిడ్డ ముందర, మా అత్త ఎంగిలి నాకతాండాడు!" ఆమె హన్నాను తనవైపు లాక్కుంది. "ఆసుపత్రిలో ఉమ్ము గిన్నెలు ఎత్తేటప్పుడు కూడా నాకింత రోత పుట్టదు నాయనా. నీ చేతిని చూస్తే పుడతాది."

హన్నా ఏడుపు మొదలెట్టింది. జయరత్నం ప్లేట్లు కింద పెట్టి, తన కుడిచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"నిజమేలే తల్లీ. ఈ చేయికి అలవాటైపోయింది, నాకు తెలీకుండానే పోతాది." తన ట్రంకుపెట్టె వైపు చూసి, "రాత్రి బస్సుకు పుంగనూరు పోతా. ఆడ పండుకోని రేపు కుప్పం పోతా, దేవరాజుల దగ్గరికి. నాయనా కృపానందం, జట్కా ఒకటి పిలిపిస్తావా?" అన్నాడు.

కృపానందం ఎంత బతిమాలినా ఆయన వినలేదు. చివరికి అల్లుడు చెప్పులేసుకుని జట్కా కోసం బయలుదేరాడు. పోతూ పెళ్ళాం మొహం చూడలేదు. విమలమ్మ నోరు, లిడియా కోడలై వచ్చిన నాటి నుంచి ఇంతసేపు మూతపడింది ఇదే మొదటిసారి. లిడియా కోరుకున్నది జరిగింది. క్రిస్మస్ దాకా ఆగనక్కర కూడా లేకపోయింది. మరి గుండె మీద బండ పెట్టినట్టు ఎందుకుందో ఆమెకు తెలియలేదు.

జయరత్నం పరుపుచుట్ట కట్టి గుమ్మం పక్కన ఆనించాడు. అయినా కూర్చోలేదు. మురికి గిన్నెలు వదిలిపెట్టి పోవడం ఆయన వల్ల కాదు. పెరట్లోకి పోయి, బండ దగ్గర కూర్చుని, బూడిదతో గిన్నెలు తోమడం మొదలెట్టాడు.

పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయి. పిల్ల ఎక్కడ కాలు పెడుతుందోనని లిడియా చెంబుతో నీళ్ళు తీసుకుని పోయింది. తండ్రి వైపు చూడకుండానే మూతమీది నిప్పులు దులిపి ఆర్పింది. దేగిశాలోని ఇసుక చల్లారడానికి పుల్లతో కలబెట్టింది. పుల్లకు ఏదో టక్కున తగిలింది.

పట్టకారుతో బయటికి తీసింది. ఒక పాత డబ్బా. రంగంతా పోయి, మసిబారి, ఒక పక్క లోపలికి సొట్టపోయి ఉంది. చెంగుతో పట్టుకుని ప్లేటు మీద బోర్లించి తట్టింది. మెత్తగా చప్పుడు చేస్తూ ఒక చిన్న గుండ్రటి కేకు జారిపడింది. దాన్ని నిలబెట్టి చూసింది. నల్లగా ఉంది. పక్కన సొట్ట ఉంది. పైన నడిమధ్యలో పగిలి ఉంది.

లిడియా అక్కడే కూలబడింది. సొట్టబుగ్గ! దేవరాజులు చిటికెనవేలు పెట్టి గిల్లుకు తినే పగులు కూడా అచ్చం అదే. ముక్కలు ఏరి డబ్బాలో కూరితే గుండ్రంగా రావచ్చు, సొట్ట కూడా పడొచ్చు. కానీ పైన అలా పొంగి పగలదు. పచ్చిపిండి పోసి నిప్పుల మీద పెడితేనే పొంగుతుంది, పొంగితేనే పగులుతుంది. కేకు చేసేచోటికి ఒక్కసారైనా పోయి ఉంటే ఆమెకు ఈ సంగతి ఎప్పుడో తెలిసేది. వాసన వస్తేనే పారిపోయిన మనిషికి ఎలా తెలుస్తుంది? మధ్యాహ్నం ఖాళీగా కనిపించిన గిన్నె ఆమె కళ్ళముందు మెదిలింది. ఆయన దాన్ని నాకలేదు. ఆ పిండి ఈ డబ్బాలోకి పోయింది.

ప్లేటు పట్టుకుని ఆమె బండ దగ్గరికి నడిచింది. "ఇదేంది నాయనా?"

జయరత్నం తలెత్తి చూసి, దొంగతనం బయటపడినవాడిలా చూపు దించుకున్నాడు. "అదా... మర్సేపోతి. నీకని పెట్టినా తల్లీ. అందరి ముందర నువ్వు తినవని నాకు తెలుసు. ఎప్పుడన్నా ఒంటిగా ఉన్నప్పుడు తింటావేమోనని."

"పుంగనూరులో మాకు తెచ్చింది ఇదేనా? గిన్నెలో మిగిలిన పిండేనా?"

ఆయన పీచుతో తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాడు.

"సెప్పు నాయనా!"

"ఇప్పుడెందుకులే అవన్నీ?" అన్నాడు. కానీ కూతురు కదలలేదు. "దొరసాని మంచిదేగానీ కచ్చితమైన మనిషి. చక్కెర, కోకో, వెన్న, అన్నీ కొలిచి ఇచ్చి అలమారాకు తాళం ఏసుకునేది. బల్లమీది నుంచి తిరిగొచ్చింది పనోళ్ళది. వంటింట్లోంచి మాత్రం పిడికెడు కూడా బయటికి పోగూడదు. అది రూలు. గిన్నెకు అంటుకున్నది వంటోడిదని నాకు పని నేర్పిన పెద్దాయన సెప్పినాడు. దానికి ఎవురూ అడ్డం సెప్పరు. అయితే..." ఆయన గొంతు తగ్గింది. "నేను రోంత ఎక్కువే అంటుకోనిస్తి. సెయ్యి గట్టిగా గీకలే."

"ఆపొద్దు నేనడిగితే యాల సెప్పలేదు? ఎంగిలి కాదని ఒక్క మాట అనుంటే సాలుగదా!"

"నువ్వు సిన్నదానివి. మా నాయన ఎంగిలి తేలేదు, పిండి తీసి కాల్చి తెచ్చినాడని బళ్ళో బుజ్జమ్మతో అనేస్తావు. అది వాళ్ళమ్మతో అంటాది. ఆయమ్మ దొరసాని సెవిన ఏస్తాది. ఎంగిలంటే నగుబాటుతో పోతాది తల్లీ, పిండంటే పనే పోతాది. అప్పటికి మీ అమ్మ లేదు. నువ్వూ తమ్ముడూ ఇంతింత ఉండారు. నగితే నగనీలే అనుకుంటి."

"మరి బుజ్జమ్మ వాళ్ళమ్మ సూసినానని సెప్పింది గదా? పేట్లల్లోది ఏరతాంటే?"

"సూసింది. ఆయమ్మ అబద్ధం సెప్పలే." జయరత్నం గిన్నె బోర్లించి, తడిచేయి పంచెకు తుడుచుకున్నాడు. "అది నేను తింటి. రోజూ నా కూడు అదే. మీకు యాల పెడతానమ్మా దాన్ని?"

లిడియా ఇంతకాలం మోసిన రోత అంతా ఒక్కసారి తనవైపే తిరిగింది. ఎంగిలి తిని, ఎంగిలి కానిది బిడ్డలకు తెచ్చిన ఈ మనిషి చేతిని చూస్తే రోత పుడుతుందని ఆమె ఇందాకే నలుగురి ముందూ అంది. ఆయన ఆ చేతిని తిప్పి చూసుకుని, నిజమేలే అన్నాడు. ఆమె తండ్రి పక్కన తడిబండ మీదే కూర్చుండిపోయింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని, హన్నా కంటే చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో తల్లీ. చలిలో తడినేల మీద కూర్చోవద్దు, లే" అన్నాడు జయరత్నం, ఏం చేయాలో తెలియక.

వీధిలో జట్కా గంటలు వినిపించాయి. వాటికంటే గట్టిగా విమలమ్మ గొంతు వినిపించింది. ఆమె వంటింటి గడప మీదే కూర్చుని ఉంది. అంతా వినేసిందని ఆమె ముక్కు ఎగబీల్చడమే చెబుతోంది.

"ఒరే కృపా, ఆ జట్కాను తిప్పి పంపురా. ఈడినుంచి ఎవురూ యాడికీ పోయేది లేదు. పరుపుచుట్ట నేను ఎప్పుడో లోపల పెట్టేసినా." పెరట్లోకి తిరిగి, "అన్నా, ఆ పేట్లో నేను వొదిలిపెట్టింది రోంతేలే, బాధపడొద్దు. ఇంకోసారి అది కూడా వొదలను" అని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

జయరత్నం నవ్వబోయి నవ్వలేకపోయాడు. లిడియా ముక్కు తుడుచుకుని, ప్లేటులోని కేకు తీసి తండ్రి నోటి ముందు పట్టింది.

"కొరుకు నాయనా."

"నీకని చేసింది తల్లీ. నువ్వు తిను."

"ముందు నువ్వు కొరుకు."

"నేను కొరికితే ఎంగిలవుతాది గదమ్మా" అన్నాడాయన, భయపడుతున్నట్టు.

"కొరుకు."

జయరత్నం కూతురి మొహం చూసి, సొట్ట ఉన్న వైపు, అంచున, ఇంతే ఇంత కొరికాడు. లిడియా ఆ కేకును వెనక్కి తీసుకుంది. ఆయన పళ్ళు పడిన చోటే తన నోరు పెట్టి కొరికింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఉప్పుప్పగా, కమ్మగా, చిన్నప్పటిలాగే ఉంది. ఆ మాట తండ్రికి చెప్పకముందే ఇంకోసారి అక్కడే కొరికింది.